అద్దె గోడకు మేకులు

మా బావమరిది నా కంప్యూటర్ తెర మీద మూడు గడియారాలు పెట్టాడు. ఒకటి ముళ్ళది, రెండోది అంకెలది, మూడోది న్యూయార్కు టైముది. న్యూయార్కులో మాకెవరూ లేరు. ఎందుకురా అంటే, "ఉండనీ బావా, రేపు మన పిల్లలెవరైనా వెళ్తే పనికొస్తుంది" అన్నాడు. అప్పటికి మా అమ్మాయి మూడో తరగతి. తెర కింద కుడి మూల సిస్టం తనంతట తాను చూపించే టైము నాలుగోది. గోడ గడియారం ఐదోది, చేతి వాచీ ఆరోది. కాలం ఇన్ని రూపాల్లో కళ్ళెదుట తిరుగుతున్నా, ఆ ఏడాది నా వ్యాసం ఒక్క వారమైనా సంపాదకుడికి వేళకు అందలేదు.

ఇది 2009 నాటి మాట. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయానికి వెళ్ళి, మెట్లెక్కి దిగి, నాలుగు షాపుల్లో కొటేషన్లు రాయించుకుని, ఐదో షాపులో అసెంబుల్ చేయించుకొచ్చిన సిస్టం. ర్యామ్ ఒక జీబీ. నాకు దానితో ఉన్న పనల్లా తెలుగు టైపు చేసుకోవడం, మెయిల్ పంపడం. ఆ పనికి అది చాలు, మిగులు కూడా. మా వాడు ఆదివారం భోజనానికొచ్చి, చెయ్యి తుడుచుకుంటూ ఆ కుర్చీలో కూర్చుని, "ఇంత బోసిగా ఉందేంటి బావా" అన్నాడు.

బోసి అన్న ఒక్క మాట మనవాళ్ళ చేత ఎన్ని పనులు చేయించింది! బోసిగా ఉందని టీవీకి అల్లిక గుడ్డ, బోసిగా ఉందని ఫ్రిజ్ నెత్తిన ప్లాస్టిక్ పూలు, బోసిగా ఉందని గోడకు ఎవరో తెలియని స్విట్జర్లాండు పాప. తెర చేసుకున్న పాపమేమిటి? సాయంత్రం టీ వేళకు కుడిపక్క గాడ్జెట్లు బారులు తీరాయి. గడియారాలయ్యాక క్యాలెండరు, వాతావరణం, డాలరు రేటు, మా పెళ్ళి ఫొటోలను ఒకదాని తర్వాత ఒకటి తిప్పే చట్రం, ముక్కలు జరిపే పజిలు, పసుపుపచ్చ చీటీ. చీటీ మీద "పాలవాడికి 340" అని కూడా తనే రాశాడు. పాలవాడికి డబ్బు ముందురోజే ఇచ్చేశాం.

అన్నిటిలోకీ వాడికి ముద్దొచ్చింది సీపీయూ మీటరు. స్కూటరు స్పీడోమీటర్లలా రెండు డయళ్ళు. పెద్దది ప్రాసెసర్‌ది, చిన్నది మెమరీది. నేనొక పేరా టైపు చేస్తే పెద్ద ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. చిన్న ముల్లు మాత్రం 80 దగ్గర చతికిలపడి లేవదు. "ఏమీ తెరవకుండానే 80 ఏమిట్రా? ఎవడు తింటున్నాడు?" అన్నాను. వాడు టాస్క్ మేనేజర్ తెరిచాడు. ఇద్దరం ఆ జాబితాను పైకీ కిందికీ గాలించాం. పై వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నది ఎవరయ్యా అంటే, ఈ గాడ్జెట్లను నడిపే ప్రోగ్రామే. కూలీలు అన్నం ఎక్కువ తింటున్నారేమో కనిపెట్టమని మేస్త్రీని పెడితే, గంపలో సగం మేస్త్రీయే లాగించాడన్నమాట. మా బావమరిది కొంచెమైనా తొణకలేదు. "చూశావా బావా, మీటరు పెట్టాం కాబట్టే కదా తెలిసింది" అన్నాడు.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె అన్న పెద్దమనిషి ఒక జీబీ ర్యామ్‌ను చూసి ఉండడు. చూసినవాళ్ళకంటే బాగా చెప్పాడు.

తర్వాతి ఆదివారం వాస్తు. చెత్తబుట్ట బొమ్మ తెర పైన ఎడమ మూల ఉంది, అది వాయవ్యం, అక్కడ చెత్త ఉంటే చేతిలో డబ్బు నిలవదన్నాడు. తెరకు పైవైపే ఉత్తరమని ఎవరు చెప్పార్రా అంటే, మ్యాపుల్లో అలాగే కదా ఉంటుందన్నాడు. నైరుతిలో బరువుండాలని సినిమాల ఫోల్డరు అక్కడికి ఈడ్చాడు. ఈశాన్యం తేలిగ్గా ఉండాలని గడియారం. స్టార్ట్ బటన్ నైరుతి మూల పాతుకుపోయి ఉంది. "ఇంటి యజమాని గది నైరుతిలోనే ఉండాలి, తెలిసినవాడే కట్టాడు" అని మెచ్చుకున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత, 2021లో, విండోస్ 11 వచ్చి ఆ యజమానిని నైరుతి నుంచి లేపి సరాసరి దక్షిణం నడుమ కూర్చోబెట్టింది. దక్షిణం ఎవరి దిక్కో తెలుగువాడికి వేరే చెప్పాలా?

సరే, అలంకారమంటే నాకేమీ విరోధం లేదు. మా వీధి మూల ఆటో స్టాండులో ఒక ఆటో ఉంది. అద్దానికి పూసల దండ, మీటరు పక్కన ఆంజనేయస్వామి, పైన నీలం లైటు, వెనక సీటు మీద వెల్వెట్టు. దాన్ని చూసేవాడు, ఆ సీట్లో కూర్చుని డబ్బిచ్చేవాడు ఉన్నాడు. లారీ వెనక రాసిన మాటను వెనకొచ్చే బండివాడు చదువుతాడు. ముగ్గును వీధంతా చూస్తుంది. డెస్క్‌టాప్ అలంకారం ఎవరి కోసం? పని మొదలుపెట్టగానే ఒక కిటికీ తెరుచుకుని దాన్ని నిలువునా కప్పేస్తుంది. గోడకు రంగులేయించి, బొమ్మలు గీయించి, ఆ గోడకే నిలువెత్తు బీరువాలు ఆనించి పెట్టుకున్నట్టు. బొమ్మలు చూడాలంటే బీరువాలన్నీ జరపాలి. అంటే పని ఆపాలి. అందుకే ఎవరి డెస్క్‌టాప్ అయినా మరీ చూడముచ్చటగా ఉంటే, ఈ మనిషి ఇవాళ ఏం పని చేశాడా అని నాకు మొదట అనుమానం వస్తుంది.

మనవాళ్ళు కనిపెట్టిన అసలైన యాడ్-ఆన్ వేరే ఉంది. దసరాకు సీపీయూ డబ్బాకు పెట్టే పసుపు, కుంకుమ బొట్టు. ర్యామ్ తినదు, అప్‌డేట్ అడగదు, మళ్ళీ దసరా దాకా చెరగదు.

ఈ జబ్బు మా బావమరిదితో పుట్టలేదు. 1984లో యాపిల్ మొదటి మెకింతోష్ అమ్మినప్పుడే అందులో డెస్క్ యాక్సెసరీలని కొంత చిల్లర సరుకు పెట్టింది. అలారం గడియారం, క్యాలిక్యులేటరు, నోట్‌ప్యాడు, ముక్కలు జరిపే పజిలు. మెషీన్ మొత్తానికి మెమరీ 128 కేబీ. పాతికేళ్ళ తర్వాత మా ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ఇంచుమించు వీళ్ళేనని మీరు గమనించే ఉంటారు.

ఆ క్యాలిక్యులేటరు వెనక ఒక కథ ఉంది. క్రిస్ ఎస్పినోసా అనే యువకుడు దాన్ని గీసి స్టీవ్ జాబ్స్‌కు చూపించాడు. వెనక రంగు చిక్కగా ఉంది, గీతల మందం బాగాలేదు, బటన్లు పెద్దవైపోయాయి అన్నాడు జాబ్స్. మార్చి తెచ్చాడు. ఇంకో వంక పెట్టాడు. మళ్ళీ మార్చాడు. మళ్ళీ వంక. రోజులిలా గడిచాక ఎస్పినోసా ఒక ఉపాయం చేశాడు. గీత మందం, బటన్ కొలత, వెనక రంగు అన్నీ మెనూల్లో పెట్టి, ఎవరి క్యాలిక్యులేటరు వాళ్ళే కట్టుకునే ప్రోగ్రాము ఒకటి రాసి ఆయన ముందు పెట్టాడు. జాబ్స్ పది నిమిషాలు అటూ ఇటూ మార్చుకుని, తనకు నచ్చిన దగ్గర ఆగి తృప్తిపడ్డాడు. ఆ పది నిమిషాల ముచ్చటనే మిగతా జనమంతా మ్యాక్ ఓఎస్ 9 దాకా, అంటే శతాబ్దం మారేదాకా వాడారు.

ఎస్పినోసా గట్టివాడు. చేతికి ఆట వస్తువు ఇస్తే పెద్దమనిషి నస మానేస్తాడని కనిపెట్టాడు. ఆ తర్వాత కంపెనీలన్నీ మన మీద వాడింది ఇదే మందు. మెషీను ఎందుకింత నెమ్మది అని అడగబోయేవాడి చేతిలో నాలుగు రంగులు, నలభై వాల్‌పేపర్లు పెడితే, వాడు ఆ పూటకు అడగడం మరిచిపోతాడు. జాబ్స్ పది నిమిషాల ఆట సరుకులో నిలిచిపోయింది. మనం పదేళ్ళు ఆడుకున్నది మన సిస్టంలో కూడా నిలవలేదు.

ఎలా నిలవలేదో వినండి. 2003లో ఆర్లో రోజ్, పెరీ క్లార్క్ అనే ఇద్దరు మ్యాక్ కోసం కాన్‌ఫాబ్యులేటర్ అనే పనిముట్టు చేసి అమ్మారు. జావాస్క్రిప్టు కొంచెం వచ్చినవాడెవడైనా దానితో తన విడ్జెట్ (గాడ్జెట్‌కు ఇంకో పేరు) తాను చేసుకోవచ్చు. 2004 జూన్‌లో యాపిల్ డెవలపర్ల సభ జరిగింది. మైక్రోసాఫ్టును వెక్కిరిస్తూ అక్కడ బ్యానర్లు కట్టారు: రెడ్‌మండ్ వాళ్ళూ, మీ జిరాక్సు మిషన్లు ఆన్ చేసుకోండి అని. బ్యానర్ కింద నిలబడి, అదే సభలో, జాబ్స్ డాష్‌బోర్డు అనే కొత్త వింతను చూపించాడు. చూసినవాళ్ళకు కాన్‌ఫాబ్యులేటరే కళ్ళలో మెదిలింది. పాపం ఆ ఇద్దరూ ఏం చేయగలరు? యాపిల్ ఊరి పేరు పెట్టి, కూపర్టినో వాళ్ళూ, మీ జిరాక్సు మిషన్లు ఆన్ చేసుకోండి అని తమ సైట్లో రాసుకున్నారు. యాపిల్ పక్షం వాళ్ళు, ఇవన్నీ మా 1984 నాటి డెస్క్ యాక్సెసరీలే కదా అని వాదించారు. పక్కింటి చెంబు పట్టుకెళ్తూ దొరికినవాడు, మా తాత కూడా చెంబుతోనే నీళ్ళు తాగేవాడండీ అన్నట్టు.

తర్వాతదంతా తద్దినాల చిట్టా. కాన్‌ఫాబ్యులేటర్‌ను యాహూ 2005లో కొని 2012లో మూసేసింది. 2004లో పుట్టిన గూగుల్ డెస్క్‌టాప్ 2011లో పోయింది. యాపిల్ డాష్‌బోర్డు 2005లో గృహప్రవేశం చేసి 2019లో క్యాటలీనా అనే కొత్త మ్యాక్ ఓఎస్ వచ్చిన రోజున ఖాళీ చేసింది. నాలుగేళ్ళు తిరక్కుండా 2023లో అదే యాపిల్, సోనోమా అన్న ఓఎస్‌తో, విడ్జెట్లను మళ్ళీ డెస్క్‌టాప్ మీద పరిచి చూపించింది. ఆ పేరు విని నాకు నవ్వొచ్చింది. విండోస్ ఎక్స్‌పీ పచ్చగుట్ట ఫొటో ఉంది చూడండి, చార్లెస్ ఓరియర్ 1996లో తీసింది, ఆ గుట్ట ఉన్నది కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలోనే. కొట్టుకునే రెండు మఠాలకూ పుణ్యక్షేత్రం ఒకటే. (మా ఊరి నెట్ సెంటరు కుర్రాడు అది అరకులోయ అని అందరికీ చెప్పేవాడు. ఎవరూ కాదనలేదు.)

మైక్రోసాఫ్టు గాడ్జెట్ల చావు మాత్రం విడిగా చెప్పుకోవాలి. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన గాడ్జెట్ లోపల చూస్తే ఒక వెబ్ పేజీ. కొంత హెచ్‌టీఎంఎల్, కొంత స్క్రిప్టు, జిప్ కట్టిన మూట. కాకపోతే మామూలు వెబ్ పేజీకి లేని చనువు దానికుంది. కంప్యూటర్లో మీరు ఏం చేయగలరో అదీ అంతా చేయగలదు. ఐదేళ్ళు గడిచాక, 2012 జులైలో, కంపెనీయే ఒక హెచ్చరిక జారీ చేసింది: ఈ గాడ్జెట్ల దారిన పరాయివాడు మీ సిస్టంను చేజిక్కించుకోవచ్చు, జాగ్రత్త. చికిత్సగా ఫిక్స్ ఇట్ అని ఒక మీట ఇచ్చింది. అది నొక్కితే ఏ గాడ్జెట్ మంచిది, ఏది చెడ్డది అని చూడదు. సైడ్‌బార్ మొత్తాన్నీ గాడ్జెట్లతో సహా ఆపేస్తుంది. పేను కొరుకుతోందని వెళ్తే గుండు గీసి పంపినట్టు.

అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. ఓనరు దగ్గరుండి, ఇదిగో ఇక్కడ పటం పెట్టుకోండి, అక్కడ గడియారం పెట్టుకోండి అని మేకులు కొట్టిస్తాడు. ఐదేళ్ళకు ఒక పొద్దున వచ్చి, గోడలు బీటలిస్తున్నాయి, అన్నీ దించెయ్యండి అంటాడు. బీటలిచ్చే గోడ కట్టింది ఎవరని అడిగితే, ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. ఆ దించేసిన పటాలను ఒక డెవలపరు చెత్తకుప్పలోంచి ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, 8గాడ్జెట్‌ప్యాక్ అని పేరుపెట్టి, విండోస్ 8కీ ఆ తర్వాతి వాటికీ మళ్ళీ తగిలించుకునేలా చేసిపెట్టాడు. కంపెనీకి లేని బెంగ ఆ మనిషికెందుకో!

ఓనరు సంగతి అలా ఉంటే, తలుపు తీయగానే వచ్చి కూర్చునే అతిథులు ఇంకో రకం. 2000లో బోంజీబడ్డీ అని ఊదారంగు గొరిల్లా ఒకటి వచ్చింది. తెర మీద తిరుగుతూ పాటలు పాడేది, జోకులు చెప్పేది. పైసా అడగదు. ఉత్తినే వస్తే ఫినాయిలు కూడా తాగేవాళ్ళం ప్రపంచమంతటా ఉన్నాం కాబట్టి దానికి ఆదరణ బాగానే దొరికింది. 2004లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ గొరిల్లా యజమానుల చేత 75,000 డాలర్లు కట్టించింది, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల వివరాలు పోగేసినందుకు. అంతకుముందు 1995లో సాఫ్ట్‌ర్యామ్95 అనే సరుకు మీ మెమరీని రెట్టింపు చేస్తానని చెప్పి లక్షల్లో అమ్ముడైంది. విప్పి చూసినవాళ్ళు తేల్చిందేమిటంటే, అది మెమరీని ఏమీ చేయడం లేదు. ఏమీ చేయకుండా రెట్టింపు చూపించడం చిట్‌ఫండ్ వాళ్ళకే వచ్చనుకున్నాను.

మా బావమరిది ఇన్‌స్టాల్ మంత్రం మూడే మాటలు: నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. మధ్యలో చిన్న గళ్ళల్లో టిక్కులుంటాయి, అవి తీసెయ్యాలని వాడికి ఎవరూ చెప్పలేదు. ర్యామ్ తగ్గుతోందని ర్యామ్ పెంచే ప్రోగ్రాము వేశాడు. దానితోపాటు ఒక టూల్‌బార్ వచ్చింది. ఆ టూల్‌బార్ ఇంకోదాన్ని పిలిచింది. నెల తిరిగేసరికి నా బ్రౌజర్లో నాలుగు వరసల టూల్‌బార్లు, వాటి కింద నాలుగు వేళ్ళ వెడల్పున వెబ్ పేజీ. తెల్లారి సంపాదకుడి మెయిల్ తెరిస్తే, "మీ వ్యా" దాకా కనిపించింది. అది "మీ వ్యాసం బాగుంది" కాదని నాకు తెలుసు కాబట్టి కిందికి జరిపి చూడలేదు. చివరికి ఫార్మాట్ కొట్టించాం. మూడు వందలు, రెండు రోజులు.

ఇంతవరకూ బావమరిదిని ఆడిపోసుకున్నాను. వాడు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక నేనేం చేశానో చెప్పకపోతే అన్యాయం. నాకు రెయిన్‌మీటర్ తగులుకుంది. అది 2001 నుంచీ ఉంది. ఉచితం, ఓపెన్ సోర్సు, వెంట చుట్టాలను తీసుకురాదు. దాని మీద నాకు ఈనాటికీ గౌరవమే. ఏది ఎక్కడుండాలో మౌస్‌తో లాగి సరిపెట్టుకోవచ్చు గానీ, పట్టుబడ్డవాడు అక్కడ ఆగడు. నోట్‌ప్యాడ్ తెరిచి ఎక్స్ ఇంత, వై ఇంత, అక్షరం ఇంత, వెయ్యి మిల్లీసెకన్లకోసారి మళ్ళీ చూడు అని స్వయంగా రాసుకుంటాడు. నాకు తెర మీద వారం పేరు తెలుగులో కావాలనిపించింది. గౌతమి ఫాంటు పెట్టాను. సోమవారం వచ్చింది. మంగళవారం వచ్చింది. శుక్రవారం దగ్గర క్రకారం తెగిపోయింది. ఇంగ్లీషు అక్షరం కొలతకు కట్టిన గడిలో మన వత్తు పట్టలేదు, కింద కాళ్ళు నరికినట్టు ఆగిపోయింది. గడి ఎత్తు ఒక పిక్సెల్ పెంచాను. చాల్లేదు. ఇంకో రెండు. ఇప్పుడు వత్తు వచ్చింది గానీ కింది తేదీ మీద కూర్చుంది. తేదీని దించాను. తేదీ వెళ్ళి క్యాలెండరు గీతను తాకింది. గీతను జరిపాను. రాత్రి రెండింటికి అన్నీ కుదిరాయి. మర్నాటికి ఇవ్వాల్సిన వ్యాసం పన్నెండు వందల మాటలు. ఆ రాత్రి నేను రాసిన తెలుగు మొత్తం ఒక్క మాట: శుక్రవారం.

వాతావరణం సంగతి ఇంకా ఘోరం. ఒక సాయంత్రం మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, వాన మొదలైంది, మేడ మీద బట్టలు తీసుకురండి" అంది. నేను తెర చూసి, "వాన లేదు, పాక్షికంగా మేఘాలు, 34 డిగ్రీలు" అన్నాను. "చప్పుడు వినిపించడం లేదూ?" అంది. నేను స్పీకర్ వాల్యూమ్ తగ్గించి చూశాను. ఇది అతిశయోక్తి కాదు, నిజంగా తగ్గించాను. తర్వాత తెలిసింది, ఆ సమాచారం ఉచితంగా ఇచ్చే సంస్థ ఎప్పుడో తలుపులు మూసుకుంది, నా తెర మీది ఎండ రెండు నెలల కిందటిది. నేను పిక్సెళ్ళు కొలుస్తూ ఉన్నాను కాబట్టి గమనించలేదు. ఆ రాత్రి తడిసిన దుప్పట్లు ఫ్యాను కింద ఆరాయి.

ఇవన్నీ మన పిచ్చికి మనం చెల్లించుకున్న జరిమానాలు. నవ్వుకోవచ్చు. ఇప్పుడొచ్చిన విడ్జెట్లను చూసి మాత్రం నాకు నవ్వు రావడం లేదు. విండోస్ 11లో కింద ఎడమ మూల వాతావరణం బొమ్మ ఉంటుంది. మౌస్ పొరపాటున దాన్ని రాసుకుంటే చాలు, సగం తెర మీద ఒక బల్ల పరుచుకుంటుంది. మీరు పెట్టుకున్న గడియారమో క్యాలెండరో ఒక పక్కన, మిగతాదంతా వార్తలట. ఎవరి విడాకులు, ఎవరి పొట్ట కొవ్వు, ఏ నటి ఏ గౌను వేసుకుంది. 2021లో వచ్చినప్పుడు, నాకీ వార్తలు వద్దు మొర్రో అనడానికి అందులో మీటే లేదు. ఏదైనా నొక్కితే మీరు ఏ బ్రౌజర్ ఎంచుకున్నా సరే, తెరుచుకునేది మైక్రోసాఫ్టు సొంత బ్రౌజర్ ఎడ్జ్‌లోనే. మీ ఇంట్లో మీ హాల్లో ఓనరు హోర్డింగు పెట్టి, దాన్ని చూడ్డానికి కళ్ళద్దాలు కూడా తన కొట్లో కొన్నవే వాడాలన్నట్టు.

దీనికి విరుగుడుగా ఎడ్జ్‌డిఫ్లెక్టర్ అని ఒక బుల్లి పనిముట్టు ఉండేది. చేసే పని ఒకటే, ఆ లంకెలను మీకు నచ్చిన బ్రౌజర్లో తెరిపించడం. గడియారం కాదు, పజిలు కాదు, అలంకారం అసలే కాదు. మనిషి తన సిస్టంను తనకు కావలసినట్టు మార్చుకోవడానికి పెట్టుకున్న అచ్చమైన పనిముట్టు. 2021 చివర్లో దాని దారిని కంపెనీ మూసేసింది. గొరిల్లాలు ఏళ్ళ తరబడి తిరిగిన తెర మీద దానికి మాత్రం చోటు లేకపోయింది. 1995 నుంచీ టాస్క్‌బార్‌ను పైకో పక్కకో జరుపుకునే వెసులుబాటు ఉండేది. విండోస్ 11 వచ్చినప్పుడు అదీ ఎత్తేసింది. ఐరోపా వాళ్ళు 2024లో డిజిటల్ మార్కెట్ల చట్టం అనే కర్ర పట్టుకునేసరికి, లంకెలు మీ బ్రౌజర్లోనే తెరుచుకుంటాయి, ఎడ్జ్‌ను తీసేసుకోవచ్చు కూడా అని కంపెనీ వినయంగా ఒప్పుకుంది. ఒప్పుకున్నది ఐరోపా ఆర్థిక ప్రాంతంలో ఉన్నవాళ్ళకే. అంటే సాంకేతికంగా సాధ్యం కాక కాదు, మనకు కర్ర లేక.

కర్ర లేనివాడికి మిగిలేది వాల్‌పేపరు. అదీ లేని చోటు ఒకటి మొన్న చూశాను.

మా బావమరిది ఇప్పుడు నిజాంపేటలో ఉంటాడు. పెద్ద కంపెనీలోనే ఉద్యోగం, వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. మొన్న బుధవారం నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. రెండు మోనిటర్లు, రెండింటి మీదా కంపెనీ లోగో, నీలం రంగు, అంతే. గాడ్జెట్ లేదు, ఒక్క బొమ్మ లేదు. "ఇంత బోసిగా ఉందేంట్రా?" అన్నాను. పదిహేనేళ్ళుగా దాచుకున్న మాట. వాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "మార్చనివ్వరు బావా, వాల్‌పేపర్ కూడా పైనుంచే వస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు, ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు" అన్నాడు. న్యూయార్కులో ఇప్పుడెంతయిందో మాత్రం అడక్కుండానే చెప్పగలడు. క్లయింట్లు అక్కడే.

కంపెనీ చాట్‌లో వాడి పేరు పక్కన ఒక పచ్చచుక్క ఉంది. ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే అది పసుపు రంగులోకి తిరుగుతుందట. తిరిగితే మేనేజరు చూస్తాడట. మేనేజరు చుక్కను ఇంకెవరో చూస్తారట. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు పనిచేస్తున్నట్టు నటింపజేశారని డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. ఆ కబురు చెప్పింది కూడా మా వాడే.

"అన్నానికి రండి" అని లోపలి నుంచి పిలుపొచ్చింది. మా బావమరిది లేవబోయి, చేతి వాచీ విప్పి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. దాని మీద మౌస్‌ను జాగ్రత్తగా, పొయ్యి మీద గిన్నె పెట్టినట్టు పెట్టాడు. వాచీలో సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్ కింది కన్ను తనే కదులుతున్నాననుకుంటుంది. తెర మీద బాణం సన్నగా వణకడం మొదలెట్టింది. చుక్క పచ్చగా వెలుగుతోంది.

పప్పు కలుపుకుంటూ, "టైమెంతయిందిరా?" అన్నాను. అలవాటుకొద్దీ ఎడం చెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "ఎంతయిందక్కా?" అన్నాడు.